పద్నాలుగేళ్లకే బడి వదిలిన మనిషికి ఆక్స్‌ఫర్డ్ డాక్టరేటు: వద్దన్న వాలెస్‌ను ఎట్ల ఒప్పించారు?



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు మన తండాల్లో, ఎరుకల కాలనీల్లో ఉన్న పెద్దల గురించి మన గ్రూపులో కొంతకాలంగా మాట్లాడుకుంటున్నాం. ఏ గుట్టలో ఏ చెట్టుందో, ఏ ఆకు ఏ కాలంలో కోయాలో, కౌజు ఎక్కడ గుడ్డు పెడుతుందో, పూరేడు ఎప్పుడు కూస్తుందో తెలిసిన ముసలివాళ్లు వాళ్లు. వాళ్లను ఒకసారి కాలేజీకి పిలిచి, పిల్లల ముందు కూర్చోబెట్టి, మర్యాద చేసి, చెప్పింది రాసుకోవాలని మన ఆశ. అడిగితే మాత్రం దాదాపు అందరిదీ ఒకటే జవాబు: "మాకెందుకప్పా అవన్నీ? మేమేమన్నా చదువుకున్నోళ్లమా?"

ఈ జవాబు విన్నాక మనలో రెండు మాటలు వచ్చాయి. వద్దన్నవాళ్లను వదిలేద్దాం, బలవంతం ఎందుకని కొందరు. ఎట్లైనా స్టేజీ ఎక్కించాల్సిందే, లేకపోతే మన జాతి గొప్పతనం ఎవరికి తెలుస్తుందని ఇంకొందరు. ఈ రెండింటికీ నడుమ ఒక దారి ఉంది. 1889లో ఇంగ్లండులో సరిగ్గా ఇట్లాంటి సంగతే జరిగింది. ప్రపంచంలో పేరున్న ప్రకృతి శాస్త్రవేత్త ఒకాయన ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ఇస్తానన్న గౌరవ డాక్టరేటును వద్దన్నాడు. ఆయన చెప్పిన కారణాలు వింటే మన తాత మాట్లాడినట్టే ఉంటుంది. ఆయన పేరు ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్. ఈ చరిత్ర మనకు పనికొస్తుందని కొంచెం వివరంగా రాస్తున్నాం. పొడుగైనా చివరిదాకా చదవండి.

డార్విన్ పేరు మనందరికీ తెలుసు. పదో తరగతి సైన్సు పుస్తకంలో ప్రకృతి వరణం పాఠం చదివాం. ఆ సిద్ధాంతం డార్విన్ ఒక్కడిదే కాదు. అదే ఆలోచన విడిగా, తన సొంత బుర్రతో కనిపెట్టిన రెండో మనిషి వాలెస్. డార్విన్ కలిగినింటి బిడ్డ, కేంబ్రిడ్జిలో చదివినాయన. వాలెస్‌కు ఆ రెండూ లేవు.

వాలెస్ 1823 జనవరి 8న వేల్స్‌లో అస్క్ అనే ఊరి దగ్గర పుట్టాడు. తండ్రి పెట్టిన డబ్బులన్నీ పోయి కుటుంబం చితికిపోయింది. హెర్ట్‌ఫర్డ్‌లో బడికి పోతున్నప్పుడు చివరి రోజుల్లో ఫీజు కట్టలేక, చిన్న పిల్లలకు పాఠం చెప్పి ఆ ఫీజు తీర్చుకునేవాడు. తోటి పిల్లల నడుమ అటు విద్యార్థీ కాక, ఇటు అయ్యవారూ కాక ఉండటం ఆయనకు పెద్ద సిగ్గుగా ఉండేది. ఇంకో సంగతి ఆయన తన ఆత్మకథలో రాసుకున్నాడు. కోటు మోచేతుల దగ్గర చిరిగిపోకుండా వాళ్లమ్మ నల్ల గుడ్డతో చేతులకు తొడుగులు కుట్టి ఇచ్చింది. అవి వేసుకుంటే పిల్లలు నవ్వుతారని ఈయన జేబులో దాచుకున్నాడు. అయ్యవారు అందరి ముందు పిలిచి, అవి తొడుక్కోమన్నాడు. తను జీవితంలో పడ్డ శిక్షల్లో అదే పెద్దదని ఎనభై ఏళ్లు దాటాక కూడా ఆయనకు గుర్తుంది.

హాస్టల్లో చదివిన మనకు ఇది విడమర్చి చెప్పక్కరలేదు. స్కాలర్‌షిప్ పేర్లు చదివేటప్పుడు క్లాసులో లేచి నిలబడటం ఎట్ల ఉంటుందో మనకు తెలుసు. పదిమంది కళ్లు మన మీద పడటమంటే మర్యాదగా తోచదు, ఏదో తప్పు చేసి దొరికినట్టే తోస్తుంది. పెద్దయ్యాక సన్మానమంటే భయం పుట్టేది ఇట్లాంటి చోటే కావచ్చు.

పద్నాలుగేళ్లకు వాలెస్ బడి అయిపోయింది. అన్న విలియం దగ్గర భూముల సర్వే పని నేర్చుకున్నాడు. గొలుసులు పట్టుకుని వేల్స్ గుట్టలన్నీ తిరిగాడు. ఒక షిల్లింగు పెట్టి చిన్న వృక్షశాస్త్రం పుస్తకం కొన్నాడు. చెట్ల పేర్లు తెలుసుకోవడం అక్కడ మొదలు. ఆ సర్వే పనిలోనే ఇంకోటి కూడా చూశాడు. ఊరందరికీ ఉమ్మడిగా ఉన్న మేత భూములను చట్టం పేరు చెప్పి కంచె వేసి పెద్ద రైతులకు, జమీందార్లకు పంచేస్తున్నారు. కొలిచి ఇచ్చేది ఈయనే. అప్పుడు ఆలోచన రాలేదు కానీ, తర్వాత అది బీదవాళ్ల మీద చట్టబద్ధమైన దోపిడీ అని గట్టిగా రాశాడు. 1881లో భూమిని జాతీయం చెయ్యాలనే సంఘం పెడితే దానికి అధ్యక్షుడయ్యాడు. గుట్ట పోరంబోకు, మేత బీడు అంటే ఏమిటో తెలిసిన మనకు ఈ మనిషి మరీ పరాయివాడుగా అనిపించడు.

1848లో స్నేహితుడు హెన్రీ వాల్టర్ బేట్స్‌తో కలిసి అమెజాన్ అడవులకు పోయాడు. ప్రభుత్వ జీతం లేదు, యూనివర్సిటీ గ్రాంటు లేదు. పురుగులు, పిట్టలు పట్టి లండనుకు పంపితే అక్కడ ఒక ఏజెంటు అమ్మి డబ్బు పంపేవాడు. నాలుగేళ్లు అట్ల తిరిగాడు. తమ్ముడు హెర్బర్ట్ అక్కడికొచ్చి పచ్చజ్వరంతో చనిపోయాడు. 1852లో తిరిగి వస్తుంటే నడి సముద్రంలో ఓడ తగలబడింది. ఎన్నో ఏళ్ల సేకరణ కళ్ల ముందే బూడిదైంది. పది రోజులు చిన్న పడవలో తేలుతూ బతికి బయటపడ్డాడు.

ఇంకొకరైతే అక్కడితో ఆపేసేవాళ్లు. ఈయన 1854లో మళ్లీ బయలుదేరి ఇప్పటి మలేసియా, ఇండోనేసియా దీవులకు పోయాడు. ఎనిమిదేళ్లు ఉన్నాడు. మొత్తం 1,25,660 జీవుల నమూనాలు సేకరించాడు. అందులో పేడపురుగుల జాతివి, పెంకు పురుగులు కలిపి 83,200, పిట్టలు 8,050. బాలి, లొంబోక్ దీవుల నడుమ సముద్రం వెడల్పు తక్కువే అయినా, ఇవతల ఆసియా జంతువులు, అవతల ఆస్ట్రేలియా తరహా జంతువులు ఉన్నాయని గమనించాడు. ఆ గీతను ఇప్పటికీ వాలెస్ రేఖ అంటారు.

1858 ఫిబ్రవరిలో జ్వరంతో వణుకుతూ పడుకున్నప్పుడు ఆయనకు ప్రకృతి వరణం ఆలోచన వచ్చింది. రాసి డార్విన్‌కు పంపాడు. డార్విన్ అప్పటికే ఇరవై ఏళ్లుగా అదే ఆలోచన మీద పని చేస్తున్నాడు కానీ అచ్చు వేయలేదు. స్నేహితులు మధ్యవర్తిత్వం చేసి 1858 జూలై 1న లండనులోని లిన్నియన్ సొసైటీలో ఇద్దరి రాతలూ కలిపి చదివించారు. వాలెస్ ఆ రోజు న్యూగినీలో ఉన్నాడు. ఆయన్ను ముందుగా ఎవరూ అడగలేదు. అయినా కోపం పెట్టుకోలేదు. 1889లో ఆ సిద్ధాంతం మీద తను రాసిన పెద్ద పుస్తకానికి కూడా 'డార్వినిజం' అని ఎదుటి మనిషి పేరే పెట్టాడు. మనిషి తీరు అది.

1862లో ఇంగ్లండు చేరాక పేరొచ్చింది కానీ జీతమున్న ఉద్యోగం దొరకలేదు. రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీలో ఖాళీ ఉంటే అది బేట్స్‌కు పోయింది. ఎప్పింగ్ అడవికి సూపరింటెండెంటుగా పెట్టుకోమని అడిగాడు, ఇవ్వలేదు. పరీక్ష పేపర్లు దిద్ది, వ్యాసాలు రాసి ఇల్లు గడిపాడు. ఆయన కష్టం చూసి అరబెల్లా బక్లీ అనే రచయిత్రి డార్విన్‌కు చెప్పింది. డార్విన్ కదిలించాడు. హుకర్ అనే పెద్దాయన మొదట ఒప్పుకోలేదు. చివరికి పెద్దలందరూ సంతకాలు పెట్టాక 1881లో ప్రభుత్వం ఏడాదికి 200 పౌండ్ల పెన్షన్ మంజూరు చేసింది. తన కోసం తను అడగడం చేతకాని మనిషికి ఎవరో ఒకరు అడగాల్సి వచ్చింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

1889 మే నెల. వాలెస్‌కు 66 ఏళ్లు. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. జూన్‌లో జరిగే వార్షికోత్సవంలో డి.సి.ఎల్. అనే గౌరవ డిగ్రీ ఇస్తాం, రమ్మని. డి.సి.ఎల్. అంటే చట్టంలో డాక్టరేటు. పురుగులు పట్టే మనిషికి లా డాక్టరేటు ఏమిటని నవ్వొస్తుంది కానీ, అక్కడ గౌరవంగా ఇచ్చే పెద్ద డిగ్రీ అదే. ఆ ఉత్సవం షెల్డోనియన్ థియేటర్ అనే పెద్ద హాల్లో జరుగుతుంది. ఎర్ర గౌన్లు, లాటిన్ ప్రసంగాలు, ఆ కాలంలో పై వరసల్లో విద్యార్థుల కేకలు, ఎగతాళి. పేరు పిలిస్తే అందరి నడుమ నడిచి పోయి నిలబడాలి. చిన్నప్పుడు నల్ల తొడుగులు తొడుక్కున్న పిల్లవాడికి ఆ హాలు ఎట్ల కనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

వాలెస్ వద్దని రాసేశాడు.

అదే మే 28న ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న తన స్నేహితుడికి కూడా ఉత్తరం రాశాడు. ఆ స్నేహితుడు ఎడ్వర్డ్ బాగ్నాల్ పౌల్టన్. అప్పటికి 33 ఏళ్లు, అంటే వాలెస్ వయసులో సగం. పురుగుల రంగుల మీద పరిశోధన చేస్తున్నాడు. ఆకుపచ్చ పురుగు ఆకులో ఎందుకు కనపడదు, విషమున్న పురుగు ఎందుకు మెరిసే రంగులో ఉంటుంది అనే ప్రశ్నల మీద ఇద్దరికీ ఉత్తరాలు నడుస్తుండేవి. ఉత్సవం రోజుల్లో మా ఇంట్లో దిగండని పౌల్టన్ ముందే పిలిచాడు. దానికి వాలెస్ కృతజ్ఞతలు చెబుతూ, నేను డిగ్రీ కాదన్నానని తెలిస్తే నీకు ఆశ్చర్యంగా, చిరాగ్గా కూడా ఉంటుందేమో, కానీ బహిరంగ వేడుకలంటే నాకు ఎప్పుడూ గిట్టదు, ఇప్పుడైతే ఇంకా గిట్టదు అనే అర్థంలో రాశాడు. ఆ ఏడాదే ఆయన గోడాల్మింగ్ నుంచి డోర్సెట్‌లోని పార్క్‌స్టోన్‌కు ఇల్లు మారాడు. పుస్తకాలు, మొక్కలు మూటగట్టుకునే కాలం అది.

ఇక్కడ ఒకటి గమనించాలి. వాలెస్ మాట్లాడటం రాని మనిషి కాదు. 1886, 87లలో అమెరికా అంతా తిరిగి డబ్బు తీసుకుని ఉపన్యాసాలు ఇచ్చి వచ్చాడు. పిట్టల గురించి, దీవుల గురించి చెప్పమంటే ఎంతమంది ముందైనా చెప్తాడు. తన గురించి పదిమంది పొగుడుతుంటే నిలబడి వినడమే ఆయన వల్ల కాదు. మన పెద్దలూ అంతే. చెట్టు చూపించి అడిగితే సాయంత్రం దాకా చెప్తారు. మైకు చూపించి మీ గురించి చెప్పండంటే నోరు పెగలదు. వాళ్లకు బిడియం విద్య దగ్గర లేదు, వేడుక దగ్గరే ఉంది. ఈ రెండింటినీ మనం కలిపేసి, వాళ్లకు మాట్లాడటం రాదనుకుంటాం.

వాలెస్ ఉత్తరం అందుకున్న పౌల్టన్ ఏం చేశాడు? ఊరుకోలేదు. అట్లని పెద్దాయన మీద పడి వాదన పెట్టుకోలేదు. మర్యాదగా మళ్లీ మళ్లీ రాశాడు. జూన్ ఉత్సవం వద్దనుకుంటే వద్దు, చలికాలం ముందు, ఆకులు రాలే కాలంలో ఇప్పిస్తే వస్తారా అని కొత్త దారి చూపించాడు. జూన్‌లో ఉండే జనం, హడావుడి అప్పుడు ఉండవు. ఇల్లు మారే పనీ అప్పటికి తీరుతుంది. దిగడానికి తెలిసిన ఇల్లు ఉండనే ఉంది.

జూన్ 2న వాలెస్ జవాబు వచ్చింది. మే 28 నుంచి జూన్ 2 దాకా అంటే ఐదు రోజులు. యూనివర్సిటీ మళ్లీ అడిగి, నువ్వు చెప్పినట్టు ఆకురాలు కాలంలో ఇస్తానంటే నేను కాదనలేను అని ఒప్పుకున్నాడు. కానీ ఒక మాట చేర్చాడు. దయచేసి నువ్వు వాళ్లను ఒత్తిడి చెయ్యొద్దు, ప్రకృతి శాస్త్రంలో నేనొక ఔత్సాహికుడినే, పద్నాలుగేళ్లకే ఒక చెడ్డ బడి వదిలేసినవాణ్ణి, ఒక గొప్ప యూనివర్సిటీ గౌరవం అందుకునేంత చదువు నాకు లేదు అని.

చూడండి. మొదటి ఉత్తరంలో చెప్పింది పైకి చెప్పే కారణం: వేడుకలు గిట్టవు, తీరిక లేదు. ఆ అడ్డు పౌల్టన్ తీసేశాక, రెండో ఉత్తరంలో లోపలి కారణం బయటకొచ్చింది: నేను చదువుకున్నోణ్ణి కాదు. 66 ఏళ్లు వచ్చినా, ప్రపంచం మొత్తం ఆయన పుస్తకాలు చదువుతున్నా, డార్విన్ అంతటివాడు తనతో సమానంగా చూసినా, పద్నాలుగేళ్ల ముల్లు లోపల అట్లే ఉంది. "మేమేమన్నా చదువుకున్నోళ్లమా" అన్న మన తాత మాటా, ఈయన మాటా ఒకటే మాట.

ఆ ఏడాది చివర్లో వాలెస్ ఆక్స్‌ఫర్డ్ పోయి డి.సి.ఎల్. తీసుకున్నాడు. ఇది ఆయనకు మొదటి గౌరవ డిగ్రీ కాదు, 1882లోనే డబ్లిన్ యూనివర్సిటీ ఒకటి ఇచ్చింది. కానీ ఆక్స్‌ఫర్డ్ వేరు. 1860లో డార్విన్ సిద్ధాంతాన్ని బిషప్ విల్బర్‌ఫోర్స్ ఎగతాళి చేసిన సభ జరిగింది ఆ ఊర్లోనే. ముప్పై ఏళ్లు కాకముందే అదే ఊరు, ఆ సిద్ధాంతం కనిపెట్టిన బడి మానేసిన మనిషిని పిలిచి డాక్టరేటు ఇచ్చింది. ఆ గౌరవం వాలెస్ అనే ఒక్క మనిషికే దక్కింది కాదు. అడవిలో కాళ్లరిగేలా తిరిగి నేర్చుకున్నది కూడా విద్యేనని ఆక్స్‌ఫర్డ్ ఒప్పుకున్నట్టు. వాలెస్ ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆయన బిడియం గెలిచేది, ఆ ఒప్పుకోలు మాత్రం జరిగేది కాదు.

తర్వాత కూడా ఇదే కథ. రాయల్ సొసైటీ ఆయనకు 1868లోనే రాయల్ మెడల్ ఇచ్చింది, కానీ ఆయన సభ్యుడుగా చేరలేదు. క్యూ తోటల డైరెక్టరు థిసెల్టన్-డయ్యర్ లాంటివాళ్లు నచ్చజెప్పాక 1893లో, డెబ్భై ఏళ్లకు, ఎఫ్.ఆర్.ఎస్. అయ్యాడు. 1908లో రాజు ఆర్డర్ ఆఫ్ మెరిట్ ప్రకటించాడు. భూములు జాతీయం చెయ్యాలనే సోషలిస్టును, యుద్ధాలకు వ్యతిరేకిని, నన్ను రాజు పిలిచి గౌరవించడమేమిటని ఒక స్నేహితురాలికి నవ్వుతూ రాశాడు. రాజభవనానికి పోలేదు. రాజు తరఫున మనిషి ఆ పతకం పట్టుకుని ఆయన ఇంటికే వచ్చాడు. గౌరవమే నడిచి మనిషి దగ్గరికి వచ్చిందన్నమాట. అదే ఏడాది జూలై 1న లిన్నియన్ సొసైటీలో యాభై ఏళ్ల పండుగ జరిగితే మాత్రం 85 ఏళ్ల వయసులో స్వయంగా పోయాడు. అక్కడ లేచి, డార్విన్ పనికీ తన పనికీ ఉన్న తేడా ఇరవై ఏళ్లకూ ఒక వారానికీ ఉన్న తేడా అని చెప్పాడు. వేదిక ఎక్కినా తన తీరు వదల్లేదు. గౌరవం తీసుకుంటే మనిషి మారిపోతాడేమోనని భయపడేవాళ్లకు ఇదే జవాబు. 1913లో, 90 ఏళ్లకు ఆయన చనిపోయాడు.

వాలెస్ చెప్పిందంతా సరైందని కాదు. టీకాలు వద్దని పోరాడాడు, అది తప్పు. ఆత్మలతో మాట్లాడించేవాళ్లను నమ్మాడు. ఆ కాలపు తెల్లవాళ్లందరిలాగే ఆదివాసులను అనాగరికులనే మాటతోనే రాశాడు. అయితే వాళ్లతో కలిసి బతికి, వాళ్లలో ఉన్న సమానత్వం ఇంగ్లండులో లేదని కూడా రాసినాయన.

మనం అడగాల్సిన ఇంకో ప్రశ్న ఉంది. వాలెస్‌ను ఒప్పించడానికి పౌల్టన్ ఉన్నాడు. మరి అలీకి ఎవరున్నారు?

అలీ అంటే బోర్నియోలోని సరవాక్ కుర్రాడు. 1855లో వాలెస్ దగ్గర వంటకు చేరాడు. తుపాకి పట్టడం, పిట్ట తోలు పాడుకాకుండా తీయడం నేర్చుకుని, ఆ సేకరణలో వాలెస్‌కు కుడిచెయ్యి అయ్యాడు. 1858లో బచన్ దీవిలో ఒక వింత పిట్టను కొట్టి తెచ్చింది అలీనే. రెక్కల మీద పొడుగాటి తెల్లటి ఈకలు నిలబడే స్వర్గపక్షి అది. శాస్త్రంలో ఇప్పుడు దాని పేరు సెమియోప్టెరా వాలేసీ. పట్టింది అలీ, పేరు వాలెస్‌ది. వాలెస్ తన పుస్తకంలో అలీ తెచ్చాడని నిజాయితీగా రాశాడు, ఆత్మకథలో అలీ ఫోటో కూడా వేశాడు. అంతవరకు మేలే. కానీ ఏ యూనివర్సిటీ అలీకి ఉత్తరం రాయలేదు. అరూ దీవుల్లో స్వర్గపక్షులు ఏ చెట్టు మీద ఆడతాయో చూపించిన వేటగాళ్ల పేర్లు మనకు తెలియనే తెలియవు.

ఇది ఎక్కడో దూరదేశం సంగతి అనుకోకండి. మన పెన్నా నది వెంబడే ఇదే జరిగింది. కలివి కోడి పేరు వినే ఉంటారు. రాత్రిపూట కలివి పొదల నడుమ తిరిగే పిట్ట. 1848లో జెర్డాన్ అనే తెల్ల డాక్టరు దీన్ని శాస్త్రానికి చూపించాడు, అందుకే ఇంగ్లీషులో ఆయన పేరే ఉంది. 1900లో మన అనంతపురం ప్రాంతంలో కనిపించాక ఇంక ఎవరికీ దొరకలేదు. జాతే అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి ప్రాంతంలో మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతికింది భరత్ భూషణ్ అనే పరిశోధకుడు. రాత్రి టార్చిలైటుతో పోయి పిట్టను చేత్తో పట్టుకొచ్చింది ఐతన్న అనే అక్కడి వేటగాడు. ఆ పిట్టను చూడటానికి సలీం అలీ అంతటి పెద్దాయన వచ్చాడు. దాని కోసమే తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. శాస్త్రం 86 ఏళ్లు పోయిందనుకున్న పిట్టకు పల్లెలో కలివి కోడి అనే పేరు బతికే ఉంది. అది ఏ పొదలో ఉంటుందో ఆ పేరులోనే ఉంది. దాన్ని బతికించి ఉంచింది చదువు రానోళ్లు.

హిందూపురం పక్కనే చిలమత్తూరు మండలంలో వీరాపురం ఉంది. ఏటా వందల కొంగలు వచ్చి ఊరి నడుమ చింతచెట్ల మీద గూళ్లు పెడతాయి. జనం వాటిని సైబీరియా కొంగలంటారు కానీ, అవి మన దేశపు ఎర్రకాళ్ల కొంగలే. ఇంటి ముందు రెట్ట పడినా, వాసన వచ్చినా ఊరివాళ్లు వాటిని తరమరు, కొట్టరు. ఇదీ ప్రకృతి శాస్త్రమే. దీనికి డిగ్రీ లేదు, అంతే.

ఇప్పుడిప్పుడు కొంత మారుతోంది. కర్ణాటక హాలక్కి సముదాయం నుంచి తులసి గౌడ 2021 నవంబరులో చెప్పుల్లేని కాళ్లతో రాష్ట్రపతి భవన్‌లో నడిచి పద్మశ్రీ తీసుకుంది. 2023లో తమిళనాడు ఇరుళ పాములవాళ్లు మాసి సడయన్, వడివేల్ గోపాల్‌లకు పద్మశ్రీ వచ్చింది. ఆ ఫోటోలు చూసి ఎన్ని తండాల్లో, ఎన్ని గూడేల్లో పిల్లలు తలెత్తుకున్నారో మనకు తెలుసు.

కాబట్టి మన పెద్దలను అడగడం మానుకోకూడదు. ఎట్ల అడగాలన్నదే ప్రశ్న. పౌల్టన్ చేసిన పనిలో మనకు పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి.

మొదట, ఎందుకు వద్దంటున్నారో తెలుసుకోవాలి. పైకి చెప్పే కారణం ఒకటి, లోపలిది ఇంకోటి ఉంటుంది. మన పెద్దల లోపలి కారణం వాలెస్ దానికన్నా బరువైంది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలోనూ అమలు చేసి ఎరుకల వాళ్లను అందులో చేర్చారు. స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టారు. పోలీసు ముందు హాజరు వేయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి. 1952లో ఆ చట్టం దేశమంతా పోయింది కానీ, అధికారి చేతిలో మన పేరు పడితే చేటు అనే భయం తాతల నుంచి మనవళ్లకు వచ్చింది. అదీ కాక, ఉడుము గురించో కౌజు గురించో చెప్తే ఫారెస్టువాళ్లు కేసు పెడతారేమోనని ఇంకో భయం. ఇది తెలియకుండా, స్టేజీ ఎక్కండి, పేరు రాయించండి అంటే ఎట్ల వస్తారు? వాళ్లకు ఇబ్బంది కలిగే సంగతి ఏదీ అడగబోమని, రాయబోమని ముందే చెప్పాలి. చెప్పిన మాట మీద నిలబడాలి.

రెండోది, వేడుకను మనిషికి తగ్గట్టు మార్చాలి. పౌల్టన్ మార్చింది వాలెస్‌ను కాదు, తేదీని. మన కార్యక్రమాల్లో ముఖ్య అతిథులు రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, గంటన్నర మాట్లాడి, చివరి ఐదు నిమిషాల్లో ముసలాయనకు శాలువా కప్పి ఫోటో దిగి పోతారు. వాళ్లు వద్దనేది దీన్నే. పంటలు, కూలి పనులు లేని రోజు చూసుకోవాలి. వాళ్లకు నచ్చితే కాలేజీ పిల్లలే గుట్టకు పోయి, చెట్టు కిందే కూర్చోవాలి. మన లంబాడీ భాషలోనో ఎరుకల భాషలోనో చెప్పనివ్వాలి, తెలుగులో చెప్పడం మన పని.

మూడోది, తోడు పోవాలి. ఆక్స్‌ఫర్డ్‌లో వాలెస్ దిగడానికి స్నేహితుడి ఇల్లుంది. మన అవ్వను కాలేజీకి పిలిస్తే ఇంటి నుంచి తీసుకొచ్చి, పక్కన కూర్చుని, మళ్లీ ఇంట్లో దింపే మనవడో మనవరాలో ఉండాలి. ఆ రోజు కూలి పోతే అది ఎవరిస్తారో కూడా ముందే అనుకోవాలి.

నాలుగోది, రాత. శాలువా పెట్టెలో పోతుంది. ఏ మొక్క గురించి ఎవరు చెప్పారో, వాళ్ల ఇష్టంతో, వాళ్ల పేరుతో కాగితం మీద పడాలి. పరిశోధకులు మన ఊళ్లకు వచ్చి రాసుకుని పోతారు, థీసిస్‌లో స్థానికులు చెప్పారని ఒక ముక్క ఉంటుంది. స్థానికులు అంటే ఎవరు? అలీకి ఫోటో అయినా మిగిలింది. మన వాళ్లకు అదైనా మిగలాలి కదా. పేరు వద్దంటే ఆ మాటా గౌరవించాలి. అడగడం మన ధర్మం, కాదనడం వాళ్ల హక్కు. పౌల్టన్ కూడా ఒక దారి చూపించి ఆగాడు, వాలెస్ తనంతట తనే ఒప్పుకున్నాడు.

చివరిగా మనలో మనకు ఒక మాట. ఈ బిడియం పెద్దలది మాత్రమే కాదు. క్లాసులో మొదటి మార్కు వచ్చినా లేవనివాళ్లు, సెమినార్‌లో పేరు ఇవ్వమంటే వెనక బెంచీలోకి జారేవాళ్లు, పీహెచ్‌డీ ఇంటర్వ్యూకు పిలుపొచ్చినా మాకేం వస్తుందిలే అని పోనివాళ్లు మనలో ఎంతమంది ఉన్నారో మనకే తెలుసు. ఆ వేదిక మీద ఒక కుర్చీ ఖాళీగా ఉంటే, అది మన జాతికి రాలేదని లోకం అనుకుంటుంది, మనం పోలేదని అనుకోదు. మీ ఫ్రెండు అట్ల వెనక్కి జారుతుంటే మీరే పౌల్టన్ కండి. ఫారం తెచ్చివ్వండి, తోడు పోండి, హాల్లో ముందు వరసలో కూర్చోండి.

వచ్చే సెలవుల్లో ఊరికి పోయినప్పుడు మీ తండాలో, మీ కాలనీలో ఒక్క పెద్దమనిషి దగ్గర కూర్చోండి. సన్మానం మాట ఎత్తకండి. ఒక చెట్టు చూపించి దీని పేరేమిటని అడగండి. రెండోసారి, మూడోసారి పోండి. అప్పుడు అడగండి, మా కాలేజీకి వస్తావా తాతా అని.